1985–86 యూరోపియన్ కప్

అప్పట్లో యూరప్ దేశాల లీగ్ విజేతలు తలపడే యూరోపియన్ కప్ (1992 నుంచి ఛాంపియన్స్ లీగ్) ఫుట్‌బాల్ పోటీల్లో రుమేనియా క్లబ్ స్టెవా బుకారెస్ట్ గెలిచిన సీజన్ ఇది. తూర్పు యూరప్ జట్టుకు ఈ కప్పు దక్కడం ఇదే తొలిసారి.

1985 మేలో బ్రస్సెల్స్‌లోని హైసెల్ స్టేడియంలో, లివర్‌పూల్–యువెంటస్ ఫైనల్‌కు ముందు 39 మంది మరణించారు. దాంతో ఇంగ్లాండ్ క్లబ్బులను నిషేధించారు. ఆ దేశపు విజేత ఎవర్టన్‌కు ఆడే అవకాశమే లేకపోయింది.

క్వార్టర్ ఫైనల్లో గత విజేత యువెంటస్‌ను బార్సిలోనా ఓడించింది. సెమీఫైనల్ తొలి మ్యాచ్‌లో గోటెబోర్గ్ చేతిలో 0–3తో ఓడినా, సొంతగడ్డపై పిచి అలోన్సో మూడు గోల్స్‌తో లెక్క సరిచేసి, పెనాల్టీల్లో గట్టెక్కింది. స్టెవా మరో సెమీస్‌లో అండర్లెక్ట్‌ను దాటింది.

1986 మే 7న ఫైనల్. వేదిక స్పెయిన్‌లోని సెవిల్. బార్సిలోనాకు ఇది దాదాపు సొంత మైదానమే. అదనపు సమయం ముగిసినా గోల్ పడలేదు. ఆట చూడముచ్చటగా సాగిందనీ చెప్పలేం. స్టెవా సహాయ శిక్షకుడు యోర్డనెస్కు 36 ఏళ్ల వయసులో సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. షూటౌట్‌లో స్టెవా తొలి రెండు పెనాల్టీలను బార్సిలోనా గోల్‌కీపర్ ఉర్రుటి ఆపాడు. అయితే స్టెవా గోల్‌కీపర్ హెల్ముట్ డుకడమ్ వరుసగా నాలుగూ అడ్డుకున్నాడు: అలెక్సాంకో, పెడ్రాజా, అలోన్సో, మార్కోస్. లకాటుష్, బలింట్ గోల్స్‌తో స్టెవా 2–0తో నెగ్గింది.

ఆ తర్వాత కొద్దికాలానికే చేతిలో రక్తం గడ్డకట్టి డుకడమ్ అగ్రశ్రేణి ఆటకు దూరమయ్యాడు. బార్సిలోనా తొలి యూరోపియన్ కప్ గెలిచింది 1992లో.