పాతిక, పరక, వీసం: వేంగి నేలలో లెక్కల చదువు

ఒక మామిడిపళ్ల రాశి. అందులో ఆరో వంతు రాజు తీసుకున్నాడు. మిగిలినవాటిలో అయిదో వంతు రాణి తీసుకుంది. ఆపైన మిగులుతూ వచ్చినవాటిలో నాలుగో వంతు, మూడో వంతు, సగం చొప్పున ముగ్గురు కొడుకులు వరసగా పట్టుకుపోయారు. కడగొట్టువాడికి మూడే పళ్లు దక్కాయి. రాశిలో మొత్తం ఎన్ని పళ్లు? ఈ లెక్క వేసినవాడు మహావీరాచార్యుడు. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, సుమారు క్రీ.శ. 850లో రాసిన ‘గణితసారసంగ్రహం’లో ఇది ఉంది. మామిడి తోటల నూజివీడులో ఏడో తరగతి పిల్ల కూడా దీన్ని వెనక నుంచి విప్పగలదు. సగం పోగా మిగిలినవి మూడు కాబట్టి అంతకుముందు ఆరు. దానికి ముందు తొమ్మిది, ఆపైన పన్నెండు, పదిహేను, చివరికి పద్దెనిమిది.

ఈ సంస్కృత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. అతనిది 11వ శతాబ్దమని ఎక్కువమంది సాహిత్య చరిత్రకారుల మాట. నన్నయ భారతం తెనిగించిన వేంగి చాళుక్యుల నేల మీదే తెలుగులో గణితమూ మొదలైంది. ఆనాటి వేంగి నేటి పెదవేగి. 2022లో జిల్లాలు మారాక నూజివీడు, పెదవేగి రెండూ ఏలూరు జిల్లాలోకే వచ్చాయి.

మల్లన ఉన్నదున్నట్టు అనువదించలేదు. మూలంలోని జైన ప్రస్తావనల చోట శైవ ప్రస్తావనలు పెట్టాడు, కొన్ని లెక్కలు వదిలాడు, కొన్ని కొత్తవి చేర్చాడు. చదరంగం బల్లలో మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ 64 గళ్లు నింపితే మొత్తం ఎంత? 1,84,46,74,40,73,70,95,51,615. ఈ ఇరవై అంకెలనూ అంకె అన్నదే లేకుండా ఒకే పద్యంలో ఇమిడ్చిన ఘనత మల్లనదే అంటారు. శరాలంటే అయిదు, శశి అంటే ఒకటి, ఆకాశమంటే సున్న. ఆ మాటలను వరసగా అంకెలుగా మార్చుకుని కుడి నుంచి ఎడమకు పేర్చుకుంటే జవాబు వస్తుంది.

ఇక మహావీరుడి ప్రకరణాల వరస చూడండి: కూడికలు, గుణకారాలు, భిన్నాలు, త్రైరాశికం, వడ్డీ, బంగారం వన్నె, వైశాల్యం, గోతుల ఘనపరిమాణం, నీడల కొలత. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలు ఈనాడు నేర్చే లెక్కల్లో పెద్ద భాగం ఇదే. మూడు తెలిస్తే నాలుగోది కట్టే త్రైరాశికం ఇప్పుడు అనులోమానుపాతం పేరుతో పాఠంగా ఉంది.

రాజాస్థానాల గణితం ఇలా ఉంటే, ఊళ్లో వీధిబడి లెక్క ఎలా ఉండేది? మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో బడుల వివరాలు పంపమని కలెక్టర్లందరినీ అడిగాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికలో తెలుగు, కన్నడ బడులు కళ్లకు కడతాయి. పొద్దున ముందుగా వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్న చుట్టేవారు. మూడోవాడి నుంచి దెబ్బలు మొదలు. పిల్లలు ఇసుకలో వేలితో రాస్తూ అక్షరాలు, అంకెలు నేర్చేవారు.

అప్పటి భిన్నాలకు తెలుగులో సొంత గుర్తులుండేవి. ఒక నిలువు గీత పాతిక, రెండు అర, మూడు ముప్పాతిక. ఒక అడ్డగీత వీసం, అంటే పదహారో వంతు. రెండు అడ్డగీతలు పరక, అంటే ఎనిమిదో వంతు. నాలుగు అడ్డగీతలైతే ఒక నిలువు గీత. హారాలు సమానం చేసే పని లేకుండా గీతలు కలుపుకుంటూ పోతే కూడిక అయిపోయేది.

ఈ లెక్క రొక్కంలోనూ ఉండేది. రూపాయికి పదహారు అణాలు కాబట్టి అణా అంటే రూపాయిలో వీసం, బేడ అంటే పరక, పావలా అంటే పాతిక. తూకంలో ఎనిమిది వీశెలు మణుగు, ఇరవై మణుగులు బారువ. బజారుకు వెళ్లిన పిల్లవాడు భిన్నాల మధ్యే పెరిగేవాడు. సగం, సగంలో సగం వాడికి చేతి చిల్లరలోనే కనిపించేవి.

1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలయ్యాయి. అణా విలువ ఆరుంపావు నయాపైసలుగా తేలింది. 1958 నుంచి కిలోలు, లీటర్లు దశలవారీగా వచ్చి వీశెను, మణుగును పక్కకు నెట్టాయి. దశాంశాలు లెక్కను సులువు చేశాయి, దేశమంతటికీ ఒకే కొలత ఇచ్చాయి. ఆ మేలు చిన్నది కాదు. అయితే భిన్నం అంగడి నుంచి తప్పుకుని పుస్తకంలో మాత్రమే మిగిలింది. ఒకటిబై నాలుగు, ఒకటిబై ఎనిమిది కలపమంటే నేటి పిల్లలు తడబడడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ఆ పాత భిన్నాల గీతలు మాత్రం పూర్తిగా పోలేదు. 2008 ఏప్రిల్‌లో వచ్చిన యూనికోడ్ 5.1లో తెలుగు భిన్నాంకెలకు, వాటితో పాటు తూము అనే కొలత గుర్తుకు చోటు దక్కింది. నూజివీడులో ట్రిపుల్ ఐటీ మొదలైంది కూడా ఆ ఏడాదే. గ్రామాల పిల్లలు కంప్యూటర్ లెక్కల వైపు నడిచిన సంవత్సరమే వీధిబడి లెక్కల గుర్తులు కంప్యూటర్లోకి చేరాయి.

నూజివీడు తోటల్లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి గణితానికి కావలసినంత సామగ్రి ఉంది. పది మీటర్లకొకటి చొప్పున మామిడి చెట్లు నాటితే హెక్టారుకు 100, ఎకరానికి సుమారు 40. ఎకరమంటే వంద సెంట్లు కాబట్టి చెట్టుకు రెండున్నర సెంట్లు. పూత మీద తోట గుత్తకిస్తే రైతుకు ఎంత, కాయ దించి టన్నుల లెక్కన అమ్మితే ఎంత, కూలీ, రవాణా పోను లాభం ఎంత శాతం? బంగినపల్లి, చిన్న రసాల ధరలు వేరైతే సగటు ఎంత? ఇవన్నీ ఇక్కడి పిల్లలు ఇంట్లో రోజూ వినే మాటలే. ఆరో తరగతి భిన్నాల పాఠంలో ఒక్క పేజీ పాతికకు, వీసానికి, మల్లనకు కేటాయిస్తే, బడిలో నేర్చే భిన్నాలు తమ తాతముత్తాతలు బజారులో వాడినవేనని పిల్లలకు తెలుస్తుంది.