వాల్వు గిటార్ యాంప్లిఫైయర్: క్లాసిక్, మోడర్న్

ఎలక్ట్రిక్ గిటార్ తీగ కదలికను పికప్ విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. ఆ సంకేతం చాలా బలహీనమైనది. దాన్ని స్పీకరును కదిలించేంత బలంగా పెంచే పెట్టె యాంప్లిఫైయర్, వాడుకలో యాంప్. ఈ పనిని ట్రాన్సిస్టర్లతో కాక గాజు వాల్వులతో (ట్యూబులతో) చేసేవి వాల్వు యాంపులు. రేడియోలూ టీవీలూ వాల్వులను వదిలేసి దశాబ్దాలు గడిచినా, గిటార్ వాయించేవాళ్లు మాత్రం వదల్లేదు. కొనబోయేవాళ్లు వీటిని క్లాసిక్, మోడర్న్ అని రెండుగా విడదీసి మాట్లాడతారు. ఈ విభజనకు తయారైన ఏడాదితో పెద్దగా సంబంధం లేదు. 1987లో వచ్చిన సోల్డానో యాంప్ ఇప్పటికీ మోడర్నే. ఈ ఏడాది ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన ఫెండర్ డీలక్స్ రివర్బ్ క్లాసిక్ కిందికే వస్తుంది. అసలు తేడా డిస్టార్షన్ (స్వరం చెదిరి గరగరలాడడం) యాంపులో ఏ చోట పుడుతుందన్నదే. యాంపుల చరిత్ర చాలావరకు ఆ చోటు మారిన చరిత్రే.

పనిచేసే తీరు

గిటార్ సంకేతం ముందుగా ప్రీయాంప్‌లోకి వెళ్తుంది. అక్కడ ఉండేవి 12ఏఎక్స్7 అనే చిన్న వాల్వులు. ఐరోపాలో వీటినే ఈసీసీ83 అంటారు. ఒక్కో గాజు బుడ్డిలో రెండు ట్రయోడ్లు (సంకేతాన్ని పెంచే భాగాలు) ఉంటాయి. లెక్క ప్రకారం ఒక్కో ట్రయోడ్ సంకేతాన్ని వంద రెట్లు పెంచగలదు, సర్క్యూట్‌లో బిగించాక అది యాభై అరవై రెట్ల దగ్గర ఆగుతుంది. టోన్ కంట్రోళ్లు దాటాక సంకేతం పవర్ వాల్వులకు చేరుతుంది. ఇవి 6వీ6, 6ఎల్6, ఈఎల్84, ఈఎల్34 వంటి పెద్ద వాల్వులు, కొన్ని వందల వోల్టుల మీద నడుస్తాయి. వాటికీ స్పీకరుకూ మధ్య అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది.

వాల్వు తన శక్తికి మించిన సంకేతం అందుకున్నప్పుడు తరంగాల కొసలు ఒక్కసారిగా తెగిపోవు. ముందు అణిగి, ఆ తర్వాత చదునవుతాయి. అప్పుడు అసలు స్వరంలో లేని హార్మోనిక్‌లు పుట్టి నాదం చిక్కబడుతుంది. తీగను మెల్లగా మీటితే క్లీన్‌గా, గట్టిగా మీటితే గరగరగా పలకడం ఇందువల్లే. పాత యాంపుల్లో ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ కూడా వాల్వే. గట్టిగా మీటినప్పుడు పవర్ వాల్వులు ఎక్కువ కరెంటు లాగుతాయి, వోల్టేజి ఓ క్షణం కుంగి మళ్లీ లేస్తుంది. దీన్ని శ్యాగ్ అంటారు. బ్లూస్ వాయించేవాళ్లు దీని కోసం ప్రాణం పెడతారు, మెటల్ వాయించేవాళ్లకు ఇది అడ్డు. ఒక్క భాగం ఒకరికి గుణం, మరొకరికి దోషం. ఎంపికలో వచ్చే పేచీ అంతా ఇలాంటిదే.

రేడియో షాపు నుంచి

లీ డి ఫారెస్ట్ 1906లో ఆడియాన్ అనే తొలి ట్రయోడ్ తయారుచేశాడు. 1930లలో అమెరికాలో ఎలక్ట్రిక్ గిటార్లతో పాటు యాంపులు మొదలయ్యాయి. గిబ్సన్ కంపెనీ ఈఎస్-150 గిటార్‌ను 1936లో అమ్మకానికి పెట్టింది. దాన్ని జాజ్ వాద్యకారుడు చార్లీ క్రిస్టియన్ ప్రసిద్ధం చేశాడు. అప్పటి యాంపులు దాదాపుగా రేడియో సర్క్యూట్లే. వాల్వుల తయారీదారుల పుస్తకాల్లోని నమూనా బొమ్మలు చూసి కట్టినవి.

లియో ఫెండర్ కూడా రేడియో మనిషే. 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు షాపు పెట్టాడు. ఆయనకు గిటార్ వాయించడం రాదు. షాపుకొచ్చే కంట్రీ సంగీతకారులు చెప్పింది విని డిజైన్లు మార్చేవాడు. మరమ్మతు సులువుగా ఉండాలన్నది ఆయన పట్టుదల. అందుకే పాత ఫెండర్ యాంప్ వెనక పలక విప్పితే ప్రతి భాగమూ కంటికి కనబడుతుంది, చేతికి అందుతుంది. 1940ల చివరి నుంచి 1960 దాకా వచ్చిన యాంపులకు ట్వీడ్ బట్ట తొడిగేవారు. వాటిలో ముఖ్యమైంది 1952లో బేస్ గిటార్ కోసం తెచ్చిన బాస్‌మన్. 1950ల చివరికి అది 5ఎఫ్6-ఏ అనే సర్క్యూట్‌తో, నాలుగు 10 అంగుళాల జెన్సెన్ స్పీకర్లతో, సుమారు 45 వాట్ల యాంపుగా స్థిరపడింది. బేస్ వాద్యకారుల కంటే మామూలు గిటారిస్టులే దాన్ని ఎక్కువగా వాడుకున్నారు.

ఫెండర్‌కు కావలసింది మాత్రం క్లీన్ శబ్దం. 1963లో నల్ల ప్యానెల్‌తో వచ్చిన ట్విన్ రివర్బ్‌లో నాలుగు 6ఎల్6 వాల్వులూ 85 వాట్ల శక్తీ పెట్టింది వాల్యూమ్ ఎంత తిప్పినా స్వరం చెదరకూడదనే. 1965 జనవరిలో ఆయన కంపెనీని 1.3 కోట్ల డాలర్లకు సీబీఎస్‌కు అమ్మేశాడు. పాత ఫెండర్ల ధరలు నిర్ణయించేవాళ్లు నేటికీ సీబీఎస్‌కు ముందు, తర్వాత అని కాలాన్ని రెండు ముక్కలు చేస్తారు. ఆ అమ్మకం జరిగిన మర్నాటి నుంచే నాణ్యత పడిపోయినట్టు చెప్పడం అతిశయం. కొంతకాలం వరకు అవే సర్క్యూట్లు, అవే భాగాలు సాగాయి.

చిరిగిన స్పీకర్ల కాలం

ఇంజినీర్లు పోగొట్టాలని చూసిన డిస్టార్షన్‌ను వాద్యకారులు కావాలని వెతుక్కున్నారు. 1951లో మెంఫిస్‌లో రికార్డయిన 'రాకెట్ 88' పాటలో విల్లీ కిజార్ట్ గిటార్ బొంగురుగా వినిపించడానికి కారణం దారిలో దెబ్బతిన్న యాంప్. గిటారిస్టు లింక్ రే 1958 నాటి 'రంబుల్' కోసం స్పీకరు కాగితానికి చిల్లులు పొడిచాడు. కింక్స్ బృందంలోని డేవ్ డేవిస్ 1964లో బ్లేడుతో స్పీకరు కోసేశాడు. రాక్ సంగీతానికి కావలసిన శబ్దం యాంపులు అమ్మే దుకాణాల్లో అప్పటికింకా దొరకడం లేదని ఈ చిల్లులే చెబుతున్నాయి.

లండన్ పరిసరాల్లో

బ్రిటన్‌లో అమెరికన్ యాంపులు చాలా ఖరీదు. ఆ ఖరీదే రెండు కంపెనీలను పుట్టించింది. కెంట్‌లోని డార్ట్‌ఫర్డ్‌లో టామ్ జెన్నింగ్స్ కంపెనీ కోసం డిక్ డెన్నీ డిజైన్ చేసిన వాక్స్ ఏసీ15 1958లో వచ్చింది. అభిమానుల అరుపుల మధ్య తమ గిటార్లు వినపడాలంటే ఇంకా గట్టి యాంప్ కావాలని షాడోస్ బృందం అడగడంతో ఏసీ30 తయారైంది. నాలుగు ఈఎల్84 వాల్వులు, నెగటివ్ ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి స్వరాన్ని సరిచేసే పద్ధతి) లేని పవర్ సెక్షన్, సెలెస్టియన్ స్పీకర్లు. మీటిన ప్రతి తీగా గంటలా మోగే ఆ స్వరాన్ని బీటిల్స్, తర్వాత క్వీన్ బృందపు బ్రయాన్ మే లోకానికి పరిచయం చేశారు.

జిమ్ మార్షల్ డ్రమ్ములు వాయించేవాడు, నేర్పేవాడు. 1960లో పశ్చిమ లండన్ హాన్వెల్‌లో దుకాణం తెరిచాడు. ఫెండర్ బాస్‌మన్‌లాంటిది ఇక్కడే చేసి అమ్మకూడదా అనుకుని కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్‌లతో కలిసి 1962లో జేటీఎం45 కట్టించాడు. సర్క్యూట్ దాదాపు బాస్‌మన్‌దే. తేడా అంతా దొరికిన సరుకులోంచి వచ్చింది: మొదటి వాల్వుగా ఎక్కువ గెయిన్ (సంకేతాన్ని పెంచే శక్తి) ఇచ్చే ఈసీసీ83, ఇంగ్లండ్ ట్రాన్స్‌ఫార్మర్లు, నాలుగు 12 అంగుళాల సెలెస్టియన్ స్పీకర్లు పెట్టి వెనక పూర్తిగా మూసేసిన కేబినెట్. ఈ కాస్త మార్పుకే యాంప్ గొంతు మారిపోయింది. జాన్ మేయాల్‌తో ఎరిక్ క్లాప్టన్ 1966లో చేసిన ఆల్బమ్ తర్వాత ఆ గొంతు కోసం దుకాణానికి వచ్చేవాళ్లు పెరిగారు.

ద హూ బృందానికి ఆ శబ్దమూ చాలలేదు. వాళ్ల కోసం 1965లో 100 వాట్ల మార్షల్ వచ్చింది. ఎనిమిది స్పీకర్ల పెట్టె మోయలేక సామాను కుర్రాళ్లు గోల పెడితే దాన్ని రెండుగా కోసి ఒకదానిమీద ఒకటి నిలబెట్టారు. అదే మార్షల్ స్టాక్. ఈఎల్34 వాల్వులతో స్థిరపడిన 1959 సూపర్ లీడ్ (ఇక్కడ 1959 మోడల్ నంబరు మాత్రమే, సంవత్సరం కాదు) జిమి హెండ్రిక్స్ చేతిలో రాక్ వేదికకు గుర్తయింది. ఇంత శక్తి ఎందుకంటే, అప్పట్లో హాలులోని సౌండు సిస్టం గాయకుడి గొంతుకే సరిపోయేది కాదు. గిటార్ తన శబ్దాన్ని తనే వెనక వరుస దాకా మోసుకెళ్లాలి. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో దాదాపు 55 వేల మంది ముందు బీటిల్స్ 100 వాట్ల వాక్స్ యాంపులతో వాయించారు. జనం కేకల్లో అవీ మునిగిపోయాయి.

మాస్టర్ వాల్యూమ్

ఇప్పటివరకు చెప్పిన యాంపులన్నిటిదీ ఒకటే ఇబ్బంది. వాల్యూమ్ ఒక్కటే, డిస్టార్షన్ కావాలంటే పవర్ వాల్వులు ఒత్తిడికి లోనయ్యేదాకా దాన్ని తిప్పాలి. అప్పటికి కిటికీ అద్దాలు అదురుతుంటాయి. 100 వాట్లకు బదులు 50 వాట్లది కొంటే గోల సగమవుతుందని చాలామంది అనుకుంటారు. తగ్గేది 3 డెసిబెల్లే. చెవికి సగం అనిపించాలంటే శక్తి దాదాపు పదో వంతుకు, అంటే 10 వాట్లకు దిగాలి. రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ తన సూపర్ లీడ్‌కు వచ్చే మెయిన్స్ వోల్టేజినే వేరియాక్ అనే వోల్టేజి మార్చే ట్రాన్స్‌ఫార్మర్‌తో తగ్గించి వాడుకోవడం ఈ ఇబ్బందికి వెతుక్కున్న విరుగుడే.

పరిష్కారం కాలిఫోర్నియాలో దొరికింది. ర్యాండల్ స్మిత్ 1960ల చివర్లో ఫెండర్ ప్రిన్స్‌టన్ అనే 12 వాట్ల బుల్లి యాంపులో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు, 12 అంగుళాల స్పీకరు ఇరికించాడు. గిటారిస్టు కార్లోస్ సాంటానా అది వాయించి మెచ్చుకోవడంతో మీసా బూగీ కంపెనీ పుట్టింది. ఆ తర్వాత స్మిత్ చేసిన పని ఇంకా పెద్దది. ప్రీయాంప్‌లో అదనంగా మరో గెయిన్ స్టేజి కలిపి, డిస్టార్షన్‌ను అక్కడే తయారుచేసి, బయటికి ఎంత శబ్దం పోవాలో చివర్న మరో వాల్యూమ్‌తో అదుపు చేశాడు. మెల్లగా వాయిస్తూనే యాంప్‌ను అరిపించడం కుదిరింది. మార్షల్ 1975లో 2203 మోడల్‌తో ఇదే బాట పట్టింది. అదే 1981లో జేసీఎం800 అయింది.

డిస్టార్షన్ పవర్ వాల్వుల నుంచి ప్రీయాంప్‌కు మారడమే క్లాసిక్, మోడర్న్ మధ్య గీత. మైక్ సోల్డానో ఎస్‌ఎల్‌ఓ-100 (1987), ఎడ్డీ వాన్ హేలెన్ కోసం పీవీ కంపెనీ చేసిన 5150 (1992), మీసా డ్యుయల్ రెక్టిఫయర్ ఆ దారినే మరింత ముందుకు తీసుకెళ్లాయి. గెయిన్ ఎంత పెంచినా బేస్ బిగుతుగా ఉంటుంది, కాలితో నొక్కితే క్లీన్ చానల్ నుంచి హై గెయిన్‌కు మారొచ్చు. ఎఫెక్ట్స్ లూప్ (ప్రీయాంప్ తర్వాత ఎఫెక్టులు కలిపే చోటు) కూడా అవసరంలోంచే వచ్చింది: ఎకో శబ్దం డిస్టార్షన్‌కు ముందు కలిస్తే అంతా గజిబిజి అవుతుంది, తర్వాత కలిస్తే విడివిడిగా వినిపిస్తుంది.

మళ్లీ పాతవే

మోడర్న్ యాంపులు ఊపందుకున్న రోజుల్లోనే పాత సర్క్యూట్లు తిరిగొచ్చాయి. ఫెండర్ 1990లో బాస్‌మన్‌ను తిరిగి విడుదల చేసింది. మ్యాచ్‌లెస్ వంటి చిన్న కంపెనీలు ఏసీ30 బాణీని చేత్తో వైరింగ్ చేసి ఎక్కువ ధరకు అమ్మాయి. అలెగ్జాండర్ డంబుల్ కొద్ది మందికే కట్టిచ్చిన యాంపులు ఇప్పుడు ఇళ్ల ధరలు పలుకుతున్నాయి. చేతి వైరింగ్ వల్లే స్వరం బాగుంటుందనేది సగం నిజం. ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు మీద కట్టిన మంచి యాంప్ చెవికి ఏ లోటూ చేయదు. చిక్కు వచ్చేది రిపేరులోనే. వాల్వు సాకెట్లనూ కంట్రోళ్లనూ నేరుగా బోర్డుకే సోల్డర్ చేసిన చోట వేడికి, కుదుపులకు జాయింట్లు విడిపోతాయి.

1998లో లైన్ 6 పాడ్‌తో జోరందుకున్న డిజిటల్ అనుకరణ ఇప్పుడు వాల్వు యాంపులకు గట్టి పోటీ. ఫెండరే 2019లో టోన్ మాస్టర్ ట్విన్ రివర్బ్ తెచ్చింది. వాల్వుల ట్విన్ రివర్బ్ 29 కిలోలు, ఇది 15 కిలోలు. మెట్లెక్కే వయసు దాటినవాళ్లు ఈ సంఖ్యను తేలిగ్గా తీసుకోరు.

కొనేముందు

వాల్వుల సరఫరా ఇప్పుడు కొద్ది చేతుల్లోనే ఉంది: స్లొవేకియాలో జేజే, రష్యాలో సరాటోవ్ ఫ్యాక్టరీ, చైనా తయారీదారులు. 2022లో యుద్ధం, ఎగుమతి ఆంక్షల వల్ల రష్యా సరుకుకు అంతరాయం కలిగి ధరలు పెరిగాయి. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ (బెల్) ఒకప్పుడు రేడియో వాల్వులు చేసేది. బెల్ ముద్ర ఉన్న పాత నిల్వలు ఇప్పటికీ చేతులు మారుతుంటాయి. నాలుగు పవర్ వాల్వులున్న యాంప్ కొంటే మార్చాల్సిన ప్రతిసారీ నాలుగూ కొనాలి.

అరవై ఏళ్ల నాటి అసలు యాంప్ మీద మోజు ఉంటే దాని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు మార్చారా, రెండు పిన్నుల తీగ తీసి ఎర్త్ ఉన్న మూడు పిన్నులది వేశారా అని అడగాలి. ప్లగ్ తీసేసిన తర్వాత కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత చార్జి నిలిచి ఉంటుంది కాబట్టి తెలియనివాళ్లు పెట్టె విప్పకూడదు. అమెరికా నుంచి బంధువుల చేత తెప్పించుకునేవాళ్లకు మరో జాగ్రత్త: అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. నేరుగా ప్లగ్ పెడితే యాంప్ కాలిపోతుంది. సరిపడా సామర్థ్యమున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడాలి.

హైదరాబాదు అపార్ట్‌మెంటులో వాయించేవాడికి మాస్టర్ వాల్యూమ్ లేని 50 వాట్ల క్లాసిక్ దండగ. దాని అసలు స్వరం అక్కడ ఎప్పటికీ వినబడదు. మెటల్ వాయించేవాళ్లకు మోడర్నే సరైనది, అందులో సందేహం అక్కర్లేదు. బ్లూస్, జాజ్, సినిమా పాటలు వాయిస్తూ డిస్టార్షన్ కోసం పెడల్ వాడేవాళ్లకు 15 నుంచి 22 వాట్ల మధ్య 6వీ6 లేదా ఈఎల్84 వాల్వులున్న క్లాసిక్ బాణీ యాంప్ చాలు. ఏది కొన్నా, డబ్బు కట్టేముందు వెనక ప్యానెల్ మీద వోల్టేజి ఎంతని రాసుందో చదవండి.