కజిన్ కాదమ్మా, మరదలు

మూడేళ్ల క్రితం మా పెద్దమ్మాయికి ఏవో పరీక్షలు చేయించాల్సి వచ్చి డాక్టరు దగ్గరకు వెళ్లాం. వాళ్లిచ్చిన ఫారంలో ఒక ప్రశ్న: తల్లిదండ్రుల మధ్య రక్తసంబంధం ఉందా? మా ఆవిడ మా మేనత్త కూతురు. పెళ్లినాడు ఊరంతా ముచ్చటపడిన ఆ సంగతి రాయడానికి ఇక్కడ నాకు చెయ్యి ఆడలేదు. చివరికి మా ఆవిడే పెన్ను లాక్కుని "అవును" దగ్గర టిక్కు పెట్టింది.

తిరిగొస్తుంటే కారులో అమ్మాయి అడిగింది: "డాడీ, నువ్వు కజిన్‌ని పెళ్లి చేసుకున్నావా?"

"కజిన్ కాదమ్మా, మరదలు."

"తేడా ఏమిటి?"

ఇరవయ్యేళ్లుగా ప్రోగ్రాములు రాస్తున్నవాణ్ణి, ఆ చిన్న ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. జవాబు కోసం వెతుకుతుంటే ఒక పాతకాలపు అమెరికా లాయరు తగిలాడు.

ఆయన పేరు లూయిస్ హెన్రీ మోర్గన్ (1818-1881). న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో వకీలు. పక్కనే ఉండే సెనెకా తెగ ఆదివాసులతో స్నేహం చేసి, వాళ్ల వరసలు విని ఆశ్చర్యపోయాడు. వాళ్లు తండ్రి అన్నదమ్ముల్ని తండ్రి అనే, తల్లి అక్కచెల్లెళ్లని తల్లి అనే పిలుస్తారు. వాళ్ల పిల్లలంతా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లే. మేనమామ పిల్లలూ మేనత్త పిల్లలూ మాత్రం వేరు. మోర్గన్‌కి ఇది వింతగా తోచింది. పెదనాన్న, చిన్నాన్న, పెద్దమ్మ, పిన్ని అంటూ పెరిగిన మనకు ఇందులో వింతేముంది?

1858లో మిషిగన్‌లోని ఒజిబ్వేల దగ్గరా అదే పద్ధతి కనిపించేసరికి ఆయన 200కు పైగా ప్రశ్నలతో ఒక పట్టిక తయారుచేశాడు. స్మిత్సోనియన్ సంస్థ సాయంతో దేశదేశాలకు పంపాడు. తండ్రి అక్క కొడుకుని ఏమంటారు, తల్లి చెల్లెలి కూతుర్ని ఏమంటారు, ఇలాంటి ప్రశ్నలు. 1862లో ఆయన మిస్సోరి నది వెంట తిరుగుతూ వరసలు సేకరిస్తుండగా, ఇంటి దగ్గర ఇద్దరు కూతుళ్లూ స్కార్లెట్ ఫీవర్‌తో చనిపోయారు. అయినా పని ఆపలేదు. 1871లో అచ్చయిన ఆ పెద్ద పుస్తకంలో తమిళం, కన్నడంతో పాటు మన తెలుగు వరసలూ ఉన్నాయి.

సెనెకా వరసలూ మన వరసలూ ఒకటేనని ఆయన నమ్మాడు. అమెరికా ఆదివాసులు ఆసియా నుంచి వచ్చారనడానికి ఇదే సాక్ష్యమన్నాడు. అక్కడే పొరబడ్డాడు. అసలు తేడాను 1964లో లౌన్స్‌బరీ అనే పండితుడు విడమరిచి చూపించాడు. నాన్నకు మేనత్త కొడుకు బావ అవుతాడు కాబట్టి మనకు మామ, ఆయన పిల్లలు మనకు బావామరదళ్లు. సెనెకాల లెక్కలో అదే మనిషి పిల్లలు అన్నదమ్ములు. వాళ్లకు తల్లి వైపు నుంచి వచ్చే కులంలో పెళ్లి కూడదన్నదే నియమం. మన వరసల్లో మాత్రం పెళ్లి ముందే దాగి ఉంది. అందుకే మేనమామా పిల్లనిచ్చినవాడూ ఇద్దరూ మామే, మేనత్తా భర్త తల్లీ ఇద్దరూ అత్తే. మేనరికం దక్షిణాది ఆచారమని బౌధాయన ధర్మసూత్రం ఏనాడో రాసింది. 1955 హిందూ వివాహ చట్టం కూడా, దగ్గరి బంధువుల పెళ్లిళ్లను కాదంటూనే, ఆచారం ఉన్నచోట ఒప్పుకుంది.

ఇంకో తమాషా. 1851లో మోర్గన్ పెళ్లాడిన మేరీ స్టీల్ ఆయన తల్లి పుట్టింటివారి పిల్లే. మన లెక్కన మరదలు! కానీ ఆయన భాషలో ఆ మాట లేదు. ఉన్నదల్లా కజిన్. పెదనాన్న కూతురైనా మేనత్త కూతురైనా అదే మాట. మా అమ్మాయికి నేను చెప్పాల్సిన తేడా ఇదే. మనకు ఒకరు చెల్లెలు, ఇంకొకరు మరదలు.

మేనరికాలు కొనసాగాలని నేననను. ఇలాంటి పెళ్లిళ్లలో పుట్టే బిడ్డలకు జన్యులోపాల ప్రమాదం మామూలు కంటే రెండు మూడు శాతం ఎక్కువని డాక్టర్లు చెబుతారు. మా అమ్మాయి పరీక్షలన్నీ బాగానే వచ్చాయి, కానీ ఆ వారం రోజులు మేం నిద్రపోలేదు. ఇక్కడ పుట్టిన మన పిల్లలు బావామరదళ్లని చేసుకోరు కూడా. చేసుకోకపోతేనే మంచిది.

కానీ పెళ్లితో పాటు మాట కూడా పోవాలా? నాన్న ఆఫీసు స్నేహితుడూ అంకులే, రేపు పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి తీసుకురావాల్సిన మేనమామా అంకులే అయితే, ఆ గంప ఎత్తాల్సింది ఎవరో పిల్లలకు ఎలా తెలుస్తుంది?

ఈ సభలకు మా బావమరిది కుటుంబం కూడా వస్తోంది. ఈసారి "హాయ్ అంకుల్" అనొద్దని మా అమ్మాయికి చెప్పాను. "మామయ్యా" అని పిలిచి చూడమన్నాను. ఎందుకని అడిగింది. ఈసారి జవాబు చెప్పగలిగాను.