మోతను బట్టి ఫిరంగి జాడ

మొదటి ప్రపంచ యుద్ధంలో పశ్చిమ రంగంలోని సైన్యాలు కందకాల్లో కూరుకుపోయాక, ఎక్కువ మంది ప్రాణాలు తీసినవి ఎక్కడున్నాయో కనబడని ఫిరంగులే. కొండల వెనక దాగిన వాటి ఆచూకీ మోతను బట్టే తెలియాలి. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. ఒకే మోత రెండు మైక్రోఫోన్లను ఎంత తేడాతో చేరిందో తెలిస్తే, ఫిరంగి ఏ అతిపరావలయం మీద ఉందో గీయవచ్చు. మూడో మైక్రోఫోన్‌తో మరో వక్రరేఖ వస్తుంది. రెండూ ఖండించుకున్న చోట ఫిరంగి ఉంటుంది.

లెక్క ఇంతే, అది అందరికీ తెలిసిందే. జర్మన్లు స్టాప్‌వాచీలు పట్టుకున్న మనుషులతో ఈ పని చేయించారు. ఫ్రాన్స్‌లో లూసియన్ బుల్ మాత్రం గుండె స్పందనలను నమోదు చేసే ఐంథోవెన్ గాల్వనోమీటర్‌ను ఇందుకు వాడుకున్నాడు. ఆ పరికరాన్ని బ్రిటిష్ సైన్యానికి పనికొచ్చేలా చేసే బాధ్యత 1915లో లారెన్స్ బ్రాగ్ మీద పడింది. తండ్రితో కలిసి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చిందీ ఆ ఏడాదే. అప్పటికి వయసు పాతికేళ్లు.

బెల్జియంలోని కెమెల్ కొండ దగ్గర మొదలైన ప్రయత్నం చాలాకాలం తడబడింది. ఫిరంగి గుండు శబ్దం కంటే వేగంగా దూసుకొస్తుంది కాబట్టి దాని పదునైన చప్పుడు ముందే చేరేది. కార్బన్ మైక్రోఫోన్లు దానికీ, తుపాకుల మోతకూ చురుగ్గా స్పందించేవి. అసలు కావలసిన ఫిరంగి మోత మాత్రం వాటికి సరిగా అందేది కాదు. ఆ మోత చెవికి చిన్నదే అయినా బలమైనదని బ్రాగ్‌కు ఒక విచిత్రమైన చోట అర్థమైంది. దగ్గర్లో ఫిరంగి పేలినప్పుడల్లా మరుగుదొడ్డిలో కూర్చున్న ఆయనను గాలి ఒత్తిడి పీట మీద నుంచి కాస్త పైకి లేపేది!

అదే సమయంలో, యుద్ధానికి ముందు భౌతికశాస్త్రం బోధించిన కార్పొరల్ విలియం టకర్ తన మంచం పక్క గోడ కంతల్లోంచి పేలుడు జరిగినప్పుడల్లా చల్లగాలి ముఖానికి తగలడం గమనించాడు. దానితో ఒక పెట్టెకు కంత పెట్టి, అందులో వేడెక్కిన సన్నని ప్లాటినం తీగను అమర్చారు. ఫిరంగి ఒత్తిడికి గాలి కంతలోంచి కదిలితే తీగ చల్లబడి, దాని విద్యుత్ నిరోధం తగ్గేది. గుండు చేసే చప్పుడుకు తీగ దాదాపు చలించేదే కాదు. 1916లో వచ్చిన ఈ మైక్రోఫోన్ గొప్పతనం వినడంలో కంటే వినకపోవడంలోనే ఉంది.

ఆ తర్వాత పద్ధతి స్థిరపడింది. కొన్ని కిలోమీటర్ల పొడవున ఆరు మైక్రోఫోన్లు వరుసగా ఉండేవి. వాటికి ముందున్న కందకంలోని పరిశీలకుడు మోత వినగానే మీట నొక్కితే, సినిమా ఫిల్మ్ తిరగడం మొదలయ్యేది. ఫిల్మ్ మీద ఆరు గీతలు, సెకనులో నూరో వంతుకో గుర్తు పడేవి. గీతలు చెదిరిన వేళలు చదివి, పటం అతికించిన బల్ల మీద దారాలు లాగేవారు. అవి కలిసిన చోట గుర్తు పెట్టేవారు. గాలివాటు, ఉష్ణోగ్రతలకు సవరణలు తప్పవు. ఎదురుగాలి రోజుల్లో పని దాదాపు సాగేది కాదు.

1917 నవంబరులో కాంబ్రే దాడికి ముందు బ్రిటిష్ ఫిరంగులు గురి సరిచూసుకునే కాల్పులు జరపలేదు. శత్రు ఫిరంగుల స్థానాలు అప్పటికే పటాలకెక్కడం దీనికి ఒక కారణం. యుద్ధం తర్వాత టకర్ ఇంగ్లండ్ తీరంలోని డెంజ్ వద్ద విమానాల శబ్దాన్ని పట్టే 200 అడుగుల కాంక్రీటు గోడను, దాని ముందు మైక్రోఫోన్ల వరుసను ఏర్పాటు చేయించాడు. విమానాల వేగం పెరిగే కొద్దీ అది ఇచ్చే వ్యవధి చాలలేదు. 1935 నుంచి రాడార్ దాని స్థానాన్ని ఆక్రమించింది. తుపాకీ కాల్పులను గుర్తించేందుకు కొన్ని అమెరికా నగరాలు నేటికీ మైక్రోఫోన్ల మధ్య కాలభేదం లెక్కనే వాడుతున్నాయి. టపాసుల మోతను వేరు చేయడం అక్కడి ఇబ్బంది.