మంగంపేట: పట్టా మనది, పెత్తనం ఎవరిది?

ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేట అనగానే గుర్తొచ్చేది ముగ్గురాయి. చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదకు బరువునిచ్చే ఈ బెరైటీస్ నిల్వ ప్రపంచంలోనే అతి పెద్దదని పేరు. 2022 జిల్లాల విభజన వరకు కడప జిల్లాలో ఉన్న ఈ ఊళ్లో గనిని నడుపుతున్నది 1961లో ఏర్పడిన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ, ఏపీఎండీసీ. గని పెరిగేకొద్దీ పేలుళ్ల మోత, ఇళ్ల తరలింపు, పరిహారం చుట్టుపక్కల ఊళ్లకు తెగని సమస్యలయ్యాయి.

గని పక్కన డీకేటీ భూమి ఉన్న దళిత రైతుకు రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. నా భూమిని నేను అమ్ముకోవచ్చా? ప్రభుత్వం అడిగితే ఇవ్వనని చెప్పవచ్చా? ఈ రెంటికీ చట్టం ఏం చెబుతుందో ఇక్కడ చూద్దాం.

డీకేటీ పట్టా అంటే

భూమి లేని పేదలకు సాగు కోసం ప్రభుత్వం ఇచ్చే భూమి అసైన్డ్ భూమి. రాయలసీమలో దీన్ని డీకేటీ భూమి అంటారు. దున్నుకోవచ్చు, పిల్లలకు వారసత్వంగా ఇవ్వవచ్చు. అయితే పట్టాలో షరతులు ఉంటాయి. ఆ షరతులే మన భూమికి, పక్క చేనులోని ఆసామి సొంత పట్టా భూమికి మధ్య గీత గీశాయి.

1977 చట్టం: కాపలా, కట్టడి

అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం (1977లో 9వ చట్టం) ప్రకారం ఈ భూమిని అమ్మినా, దానంగా రాసిచ్చినా, కౌలుకిచ్చినా చెల్లదు. బ్యాంకులో, సహకార సంఘంలో తాకట్టు పెట్టి అప్పు తీసుకోవడానికి మినహాయింపు ఉంది.

ఈ నిషేధాన్ని ఉత్త పెత్తనమని కొట్టిపారేయలేం. పెళ్లికో ఆసుపత్రికో చేసిన అప్పు కింద దళితుల చేను ఆసామి చేతిలోకి జారిపోకుండా ఆపడం దాని ఉద్దేశం. 1947లో రాసిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో అంబేడ్కర్ వ్యవసాయ భూమి మొత్తం ప్రభుత్వం చేతిలో ఉండాలని ప్రతిపాదించారు. ప్రభుత్వం తప్పుకుంటే మిగిలేది పేదల స్వేచ్ఛ కాదు, భూస్వామి పెత్తనమని ఆయన వాదన.

కానీ 1977 చట్టంలో మరో ముఖం ఉంది. అమ్మకం జరిగిందని తేలితే అధికారులు భూమిని కొన్నవారి నుంచి స్వాధీనం చేసుకుని అసలు పట్టాదారుకు తిరిగి ఇవ్వాలి. అది వీలుకాకపోతే భూమి ప్రభుత్వానికే పోతుంది. అంటే ఆసామి నుంచి కాపాడాల్సిన కాపలాదారే చివరికి హక్కుదారు కావచ్చు.

2004 తీర్పు

భూమి మేమిచ్చిందే కాబట్టి వెనక్కి తీసుకుంటే పూర్తి పరిహారం అక్కర్లేదన్నది ప్రభుత్వ వాదన. మేకల పాండు కేసులో 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం దీన్ని తోసిపుచ్చింది. ప్రజా ప్రయోజనం కోసం అసైన్డ్ భూమి తీసుకుంటే సొంత పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని, పట్టాలోని షరతు ఆ హక్కును అడ్డుకోలేదని చెప్పింది.

సమ్మతి ఎవరిని అడగాలి?

2013 భూసేకరణ చట్టం భూయజమాని నిర్వచనంలో అసైన్డ్ భూమి హక్కుదారులను కూడా చేర్చింది. ఎస్సీ, ఎస్టీ కుటుంబాల భూమి తీసుకుంటే పరిహారంలో కనీసం మూడో వంతు మొదటి విడతగా ముందే చెల్లించాలంది. భూమి లేకపోయినా దానిపైనే మూడేళ్లుగా బతుకుతున్న కూలీలు, కౌలుదార్లు కూడా బాధిత కుటుంబాలే.

సమ్మతి దగ్గరికొచ్చేసరికి మాట మారుతుంది. ప్రైవేటు కంపెనీ కోసమైతే 80 శాతం, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం బాధిత కుటుంబాలు ఒప్పుకోవాలి. ప్రభుత్వ రంగ సంస్థ కోసమైతే ఆ సమ్మతి అక్కర్లేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఆదివాసులకు గ్రామసభ సమ్మతి అనే రక్షణ ఉంది. మైదాన ప్రాంత దళితవాడకు అదీ లేదు.

2023 సవరణ

అసైన్‌మెంట్ జరిగి 20 ఏళ్లు దాటితే అసలు లబ్ధిదారులకు, వారి వారసులకు అమ్ముకునే హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 2023లో చట్టాన్ని సవరించింది. ఇది స్వేచ్ఛే. కానీ గని పక్కన, అప్పుల మధ్య, భూమి ఎలాగూ పోతుందన్న భయంలో చేసే అమ్మకాన్ని స్వేచ్ఛ అనగలమా?

మనం అడగాల్సింది

అమ్ముకునే హక్కు ఉందా లేదా అన్న దగ్గరే చర్చ ఆగిపోతోంది. అమ్మను అనే హక్కు మాటేమిటి? ఆసామికి వద్దని చెప్పే బలం చట్టం ఇచ్చినట్టే, ప్రభుత్వ సంస్థకూ వద్దని చెప్పే బలం ఇవ్వాలి. దళితుల భూమి విషయంలో ప్రభుత్వ రంగానికీ సమ్మతి నిబంధన పెట్టాలని మనం డిమాండ్ చేయాలి.

ఈలోగా పట్టా నకలు, అడంగల్, 1-బి దగ్గర ఉంచుకోండి. సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో ఉందేమో చూసుకోండి. భూసేకరణ ప్రాథమిక నోటిఫికేషన్ వస్తే 60 రోజుల్లోపు కలెక్టరుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, రసీదు తీసుకోండి. నోటితో చెప్పిన అభ్యంతరం ఫైల్లోకి ఎక్కదు.