జోస్యం: చుక్కల నుంచి స్లామ్ బుక్ దాకా

పదో తరగతి వీడ్కోలు రోజుల్లో స్లామ్ బుక్కులు చేతులు మారుతుంటాయి. ‘అరేయ్, గీడు సర్పంచ్ అయితడు సూడుండ్రి’ అని ఒకరంటే, ‘గామె టీచరమ్మే’ అని ఇంకొకరంటారు. నారాయణఖేడ్ వైపు బడిపిల్లలు సరదాకి చెప్పుకొనే ఇలాంటి మాటల్ని తెలుగులో జోస్యం అంటాం.

సంస్కృతంలో ‘జ్యోతిస్సు’ అంటే వెలుగు, నక్షత్రం. నక్షత్రాల గతిని లెక్కగట్టే శాస్త్రం జ్యోతిషం. అది ప్రాకృతంలో ‘జోఇస’గా మెత్తబడింది, జనం నోట ‘జోస్యం’ అయింది. ఈ వృత్తి ఇంటిపేర్లలోనూ నిలిచింది: తెలుగులో జోస్యుల, కన్నడంలో జోయిస్, మరాఠీలో జోషి. మూడు భాషలూ వినిపించే ఖేడ్ సీమకు ఈ చుట్టరికం కొత్త కాదు. 1956 దాకా ఈ ప్రాంతం బీదర్ జిల్లాలో ఉండేది, ఆ ఏడాది మెదక్‌లో కలిసింది, 2016లో సంగారెడ్డి జిల్లాకు వచ్చింది. ఊరిపేరులోని ‘ఖేడ్’ కూడా పల్లె అని అర్థమిచ్చే మరాఠీ మాటే.

పంచాంగం నుంచి జోస్యం చిలక పంజరానికి దిగింది, అక్కణ్ణుంచి పత్రికల్లోకి వచ్చింది. ‘మాదే గెలుపని నేత జోస్యం’ అన్న శీర్షికలో గ్రహాల ఊసే ఉండదు. అంచనాకు ఆధారం చూపాలి, జోస్యానికి ధైర్యం చాలు. అంచనా తప్పితే లెక్క సరిచూసుకుంటాం. జోస్యం తప్పితే, పదేళ్ల తర్వాత కలిసినప్పుడు, చెప్పినవాణ్ణే ఆటపట్టిస్తాం.