ఇంగ్లిష్ కర్మణి వాక్యంలో కర్త: 'బై' పదబంధంపై ఒక పరిశీలన

ప్రస్తావన

మన బడుల్లో ఇంగ్లిష్ వ్యాకరణం చదివినవారెవరూ 'వాయిస్' మార్పిడిని మరచిపోరు. ఉపాధ్యాయుడు కర్తరి వాక్యం ఇస్తాడు. విద్యార్థి కర్మను ముందుకు తెచ్చి, 'బి' క్రియలో తగిన రూపం చేర్చి, ప్రధాన క్రియకు మూడో రూపం రాసి, చివర 'బై' పెట్టి పాత కర్తను దాని వెనుక రాస్తాడు. మార్కులు వస్తాయి. దాంతోపాటు రెండు అపోహలూ నాటుకుంటాయి. రెండు వాక్యాలూ ఒకే పని చేస్తాయన్నది మొదటిది. 'బై' లేనిదే కర్మణి వాక్యం పూర్తికాదన్నది రెండోది. 'బై' పదబంధం ఎప్పుడు వస్తుంది, వచ్చి ఏం చేస్తుంది, ఆ పని తెలుగులో దేనితో జరుగుతుంది అన్న మూడు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కర్తను కొత్త సమాచారంగా వాక్యాంతంలో నిలపడానికి ఇంగ్లిష్ ఏర్పరచుకున్న స్థానమే 'బై' పదబంధమన్నది దీని ప్రతిపాదన.

నిర్మాణం, అర్థం

'పెనిసిలిన్ వాజ్ డిస్కవర్డ్ బై ఫ్లెమింగ్' అన్న వాక్యంలో 'బై ఫ్లెమింగ్' తీసేసినా వ్యాకరణం చెడదు. కర్తరి వాక్యంలో 'ఫ్లెమింగ్' తీసేస్తే వాక్యమే నిలవదు. కర్తరిలో తప్పనిసరి అయిన కర్త కర్మణిలో ఐచ్ఛికమవుతాడు. 'బై' ఉన్నదాన్ని దీర్ఘ కర్మణి అనీ, లేనిదాన్ని హ్రస్వ కర్మణి అనీ అనుకుందాం.

నోమ్ చోమ్‌స్కీ 1957లో 'సింటాక్టిక్ స్ట్రక్చర్స్'లో కర్మణిని పరివర్తన సూత్రంగా చూపాడు. అయితే పరిమాణవాచకాలు చేరినప్పుడు రెండు వాక్యాల అర్థం ఒకటి కాకపోవచ్చని అదే పుస్తకంలో గుర్తించాడు. 'ఎవ్రీ స్టూడెంట్ రెడ్ వన్ బుక్' అంటే ఒక్కొక్కరు ఒక్కో పుస్తకం చదివారన్న అర్థం సులువుగా వస్తుంది. 'వన్ బుక్ వాజ్ రెడ్ బై ఎవ్రీ స్టూడెంట్' అంటే అందరూ చదివింది ఒకే పుస్తకమన్న అర్థం ముందుకొస్తుంది.

'బై' వెనుక వచ్చే నామం ఎప్పుడూ పని చేసేవాడే కానక్కర్లేదు. 'ఫియర్డ్ బై ఆల్'లో అది అనుభవించేవారిని, 'డిస్ట్రాయ్డ్ బై ది ఫ్లడ్'లో కారణాన్ని, 'సరౌండెడ్ బై హిల్స్'లో కేవలం ఉనికిని చెబుతుంది. కర్తరి వాక్యంలో ఉద్దేశ్యానికి ఏ అర్థపాత్ర ఉంటే అదే ఇక్కడికి వస్తుంది. క్రియతో పని లేకుండా 'ఎ నావెల్ బై డికెన్స్' అన్నప్పుడు కూడా ఈ 'బై' కర్తృత్వాన్నే సూచిస్తుంది.

కర్త కాని 'బై'

'బై మండే' గడువును, 'బై ది రివర్' చోటును, 'బై పోస్ట్' మార్గాన్ని చెబుతాయి. వీటిని వేరుచేయడానికి కర్తరి వాక్యమే గీటురాయి. 'ది క్లర్క్ సెంట్ ది లెటర్ బై పోస్ట్' అన్న కర్తరిలోనూ 'బై పోస్ట్' చెక్కుచెదరకుండా ఉంటుంది కాబట్టి అది కర్త కాదు. 'ది లెటర్ వాజ్ సెంట్ బై పోస్ట్ బై ది క్లర్క్' అని రెండు 'బై'లు పక్కపక్కన రావడానికీ ఇదే కారణం.

కర్తకూ కరణానికీ ఉన్న భేదం మరింత ముఖ్యం. 'ది విండో వాజ్ బ్రోకెన్ విత్ ఎ స్టోన్' అంటే రాయి విసిరినవాడు ఒకడు ఉన్నాడని భావం. 'బై ఎ స్టోన్' అంటే రాయే తగిలి పగలగొట్టింది. వెనుక మనిషి ఉండనక్కర్లేదు. పాణిని కర్తకూ కరణానికీ తృతీయనే విధించాడు. క్రియా ప్రత్యయం కర్మను చెప్పినప్పుడు, చెప్పకుండా మిగిలిన కర్తకు ఆ విభక్తి వస్తుంది. చిన్నయసూరి సంప్రదాయంలోనూ 'చేత, చే, తోడ, తో' అన్నీ తృతీయ కిందివే. గ్రాంథికంలో 'రామునిచేత', 'బాణముచేత' రెండూ ఒప్పే. ఇంగ్లిష్ ఈ రెండింటినీ 'బై', 'విత్' అని విడదీసింది. 'కట్ విత్ ఎ నైఫ్' అనవలసినచోట 'బై' రాసే పొరపాటుకు ఈ విభక్తి సామ్యం ఒక కారణం కావచ్చు.

స్థితిని చెప్పే రూపాల్లో 'బై' తరచు తప్పుకుంటుంది: 'నోన్ టు', 'ఇంట్రెస్టెడ్ ఇన్', 'కవర్డ్ విత్'. ఇక్కడ మూడో రూపం క్రియ కన్నా విశేషణానికి దగ్గర.

చరిత్ర

కర్తను సూచించే పని మొదటినుంచీ 'బై'ది కాదు. ప్రాచీన ఇంగ్లిష్‌లో 'ఫ్రమ్', 'ఆఫ్', 'త్రూ'ల పూర్వరూపాలు ఆ పని చేసేవి. మధ్య ఇంగ్లిష్‌లో 'ఆఫ్' బలపడింది. 'దగ్గర' అన్న స్థలార్థం నుంచి 'ద్వారా' అన్న అర్థం మీదుగా 'బై' క్రమంగా ఆ స్థానంలోకి వచ్చింది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో కర్తకు ముందు 'ఆఫ్' ఇంకా తరచు కనిపిస్తుంది. 'బిలవ్డ్ ఆఫ్' వంటి పలుకుబడుల్లో దాని జాడ నేటికీ ఉంది.

సమాచార క్రమం

1985లో రాండాల్ఫ్ క్వర్క్ తదితరులు వెలువరించిన బృహద్వ్యాకరణం ప్రకారం ఇంగ్లిష్ కర్మణి వాక్యాల్లో దాదాపు ఐదింట నాలుగింటిలో కర్త కనిపించడు. అంటే దీర్ఘ కర్మణి సాధారణ రూపం కాదు; కారణం ఉంటేనే రాసేది. ఆ కారణాన్ని బెట్టీ బర్నర్, గ్రెగొరీ వార్డ్ 1998లో సూత్రీకరించారు. 'బై' వెనుక ఉన్న నామం, వాక్యారంభంలోని నామం కన్నా పాఠకుడికి ఎక్కువ పరిచితమై ఉండకూడదు.

పెనిసిలిన్ చరిత్ర చెబుతున్న పేరాలో 'ఇట్ వాజ్ డిస్కవర్డ్ ఇన్ 1928 బై అలెగ్జాండర్ ఫ్లెమింగ్' చక్కగా అమరుతుంది. తెలిసిన మందు ముందు, కొత్తగా వచ్చే మనిషి చివర. ఫ్లెమింగ్ జీవితం రాస్తున్న పేరాలో 'పెనిసిలిన్ వాజ్ డిస్కవర్డ్ బై హిమ్' అంటే కుంటినడకే. 'హిమ్' అన్న సర్వనామం అప్పటికే తెలిసిన మనిషిని చెబుతుంది. కొత్తదానికి కేటాయించిన చోట పాతది కూర్చుంటుంది. 'బై మీ', 'బై హిమ్' అరుదుగా వినిపించడానికి కారణం ఇదే. 'అతను కాదు, నేను' అని నొక్కి చెప్పేటప్పుడే అవి ఒప్పుతాయి. కర్త నిడివైన పదబంధమైనప్పుడు కూడా వాక్యాంతమే అనువైన చోటు.

1946లో జార్జ్ ఆర్వెల్ కర్తరి వీలైన చోట కర్మణి వాడవద్దని సలహా ఇచ్చాడు. బాధ్యుణ్ణి మరుగుపరిచే హ్రస్వ కర్మణి విషయంలో ఆ జాగ్రత్త అవసరమే. దీర్ఘ కర్మణి బాధ్యుణ్ణి దాచదు. వాక్యంలో ఊనిక పడే చివరి స్థానంలో పేరుపెట్టి చూపిస్తుంది. రెంటినీ ఒకే గాటన కట్టడం తగదు.

తెలుగులో సాటి రూపాలు

'ఫ్లెమింగ్ చేత పెనిసిలిన్ కనుగొనబడింది' అన్నది పాఠ్యపుస్తకాల తెలుగు. మాట్లాడేటప్పుడు ఎవరూ అలా అనరు. 'పెనిసిలిన్‌ను కనిపెట్టింది ఫ్లెమింగ్' అంటారు. తెలిసిన విషయం ముందుంది, కర్త చివర ఊనికతో నిలిచాడు. దీర్ఘ కర్మణి చేసే పని ఇదే, కాకపోతే తెలుగులో ఊనిక మరికాస్త గట్టిగా పడుతుంది. అంత ఊనిక అక్కర్లేకపోతే 'పెనిసిలిన్‌ను ఫ్లెమింగ్ కనిపెట్టాడు' అని కర్మను ముందు చెబితే చాలు. విభక్తి ప్రత్యయమే కర్మను గుర్తుపట్టిస్తుంది కాబట్టి తెలుగు పదక్రమానికి ఆ స్వేచ్ఛ ఉంది. ఇంగ్లిష్‌కు లేదు, అందుకే క్రియారూపం మార్చుకుంటుంది.

హ్రస్వ కర్మణికి సాటి వేరు. 'రోడ్డు వేశారు', 'దొంగను పట్టుకున్నారు' అన్నప్పుడు ఎవరన్నది చెప్పం. బహువచన క్రియతో సరిపెడతాం. 'ది థీఫ్ హాజ్ బీన్ కాట్' అన్నదానికి సహజమైన తెలుగు ఇదే. ఇంగ్లిష్‌లో ఒకే రూపానికి రెండు నిడివులుగా ఉన్నవి తెలుగులో రెండు వేర్వేరు నిర్మాణాలు. 'చేత–బడు' జంట ఒక్కటే రెండింటికీ సరిపోదు.

ముగింపు

విడి వాక్యాలను తిరగేసే అభ్యాసం 'బై' ఎప్పుడు కావాలో నేర్పదు. విద్యార్థికి ఒక పేరా ఇచ్చి, అందులో ఇప్పటికే తెలిసినది ఏది, కొత్తది ఏది అని ముందు అడగాలి. కర్త కొత్తవాడో, ముఖ్యుడో, నిడివైన పదబంధమో అయితే 'బై' ఉంచాలి, ఊహించదగినవాడైతే వదిలేయాలి, అప్పటికే పాతవాడైతే కర్తరి వాక్యమే రాయాలి. అనువాదకులూ 'బై' కనిపించగానే 'చేత' రాయకుండా, ఆ వాక్యం కర్తను ఎందుకు చివర నిలిపిందో చూసుకోవాలి. వాయిస్ పాఠం వ్యాకరణ అభ్యాసంగా ఆగిపోకుండా రచనా పాఠంలో భాగం కావాలి.